ఆటకు వేగం, పనికి రంగు: ఒకే మానిటర్‌తో రెండూ కుదురుతాయా?

ఉక్కు కర్మాగారంలో రంగు చూస్తే వేడి తెలుస్తుంది. ఇనుప ముక్కను వేడి చేస్తూ పోతే సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర చీకట్లో కంటికి ఆనీ ఆనని ఎరుపు కనిపిస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఎరుపు నారింజ వైపు, ఆపై పసుపు వైపు జరుగుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి దాదాపు 1,500 డిగ్రీల దగ్గర బయటికొచ్చే ద్రవ ఇనుము ధగధగలాడే నారింజ-పసుపు రంగులో ఉంటుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరిలో అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారంలోనూ, పక్కనే ఉన్న రైల్వే యార్డులోనూ పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలు భిలాయి, భిలాయి-3, చరోదా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి.

ఇప్పుడు ఆ ఇళ్లలో కొత్త తరానికి రంగుతో మరో రకమైన పని పడింది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, దుకాణాల లోగోలు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు కంప్యూటర్‌లో తయారుచేసి సంపాదించుకునే యువకులు చాలామంది ఉన్నారు. పని అయ్యాక అదే కంప్యూటర్ మీద గేములు ఆడతారు. ఇంట్లో ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఒక్క మానిటర్‌కు సరిపోయే డబ్బు. డిజైన్‌కు రంగు నిజాయితీగా కనిపించాలి. గేముకు కదలిక స్పష్టంగా కనిపించాలి. ఈ రెండూ వేర్వేరు లక్షణాలు. ఒకదాని కోసం కొన్న మానిటర్ రెండోదానికి పనికొస్తుందన్న హామీ లేదు. పొరపాటు ఎంపికకు మూల్యం కూడా చిన్నది కాదు. తెర మీద ముచ్చటగా కనిపించిన కుంకుమ రంగు ఫ్లెక్సీ మీద ఇటుక రంగులో వస్తే, రెండోసారి ప్రింట్ ఖర్చు చాలాసార్లు డిజైనర్ జేబులోంచే పోతుంది.

మానిటర్ పెట్టె మీద ముద్రించే హెర్ట్జ్, మిల్లీసెకన్లు, నిట్లు, శాతాల వెనుక ఉన్న భౌతికశాస్త్రం అర్థమైతే ఎంపిక సులువవుతుంది.

ఏ తెలుపు అసలు తెలుపు?

కొలిమిలో ఇనుము రంగు మారడానికి కారణమైన నియమమే మానిటర్ తెలుపును కొలవడానికీ ఆధారం. వేడి వస్తువు వెదజల్లే కాంతిలో అత్యధిక తీవ్రత ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుందన్నది దాని ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. వేడి పెరిగితే ఆ శిఖరం పొట్టి తరంగాల వైపు, అంటే నీలం వైపు జరుగుతుంది. దీన్ని వీన్ నియమం అంటారు. 1,500 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 1,773 కెల్విన్ దగ్గరున్న ఇనుముకు ఈ శిఖరం దాదాపు 1.63 మైక్రోమీటర్ల దగ్గర ఉంటుంది. అది కంటికి కనిపించని పరారుణ ప్రాంతం. మనకు కనిపించే నారింజ-పసుపు ఆ కాంతి తోక మాత్రమే.

మానిటర్లకు ప్రమాణంగా తీసుకునే తెలుపును డీ65 అంటారు. పగటి వెలుగును ఆధారం చేసుకున్న ఈ తెలుపు రంగు ఉష్ణోగ్రత దాదాపు 6,500 కెల్విన్. ఇనుము సుమారు 2,860 డిగ్రీల సెల్సియస్‌కే మరిగి ఆవిరైపోతుంది కాబట్టి ఏ కొలిమిలోనూ ఈ తెలుపు పుట్టదు. తెర కూడా అంత వేడెక్కదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను తగిన పాళ్లలో కలిపి, కంటికి ఆ తెలుపు అనిపించేలా చేస్తుంది, అంతే.

ఇక్కడే మొదటి తేడా వస్తుంది. చాలా మానిటర్లలో 'కూల్' అనే అమరిక తెలుపును 9,000 కెల్విన్ దాటించి నీలంగా మారుస్తుంది. దుకాణంలో అది మెరిసిపోతుంది. 'వార్మ్' అమరిక, రాత్రిపూట కంటికి హాయి కోసం ఆన్ చేసే నైట్ లైట్ లాంటివి తెలుపును పసుపు వైపు లాగుతాయి. గేము ఆడేటప్పుడు ఇది ఇష్టాయిష్టాల సంగతి. డిజైన్ చేసేటప్పుడు మాత్రం తెలుపు జరిగిందంటే, దానితోపాటు ప్రతి రంగూ జరుగుతుంది. నీలం తెర మీద సరిచేసిన పెళ్లి ఫోటోలో ముఖాలు ఇతరుల ఫోన్లలో పచ్చబడినట్టు కనిపించడానికి కారణం ఇదే. వెబ్, వీడియో పనులకు 6,500 కెల్విన్ అమరిక పెట్టుకుని, నైట్ లైట్ ఆపేసి పనిచేయడం రూపాయి ఖర్చు లేని మొదటి సవరణ.

రంగుల విస్తీర్ణం: ఎక్కువ ఉంటే ఎప్పుడూ మంచిదేనా?

మామూలు మనిషి కన్ను చూడగల రంగులన్నింటినీ 1931లో అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ ఒక పటంగా గీసింది. ఏ మానిటరైనా ఆ పటంలో ఒక త్రిభుజాన్ని మాత్రమే చూపగలదు. దాని మూడు మూలల్లో ఆ తెర చూపగల అత్యంత గాఢమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటాయి. ఈ త్రిభుజాన్నే గ్యామట్ అంటారు.

అందరూ వాడే ప్రాథమిక త్రిభుజం ఎస్‌ఆర్‌జీబీ. 1996లో రెండు కంప్యూటర్ సంస్థలు ప్రతిపాదించిన ఈ ప్రమాణం 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంటర్నెట్‌లో కనిపించే చిత్రాల్లో ఎక్కువ భాగం దీన్ని అనుసరించేవే. డిజిటల్ సినిమా కోసం రూపొందిన డీసీఐ-పీ3 త్రిభుజం, 1931 పటం మీద కొలిస్తే దీనికంటే సుమారు మూడో వంతు పెద్దది. ముద్రణ రంగులను దృష్టిలో పెట్టుకుని చేసిన అడోబీ ఆర్‌జీబీ, ఆకుపచ్చ-నీలి రంగుల వైపు ఇంకా విస్తరించి ఉంటుంది.

గ్యామట్ పెద్దదైతే మానిటర్ మంచిదన్న అభిప్రాయం సగమే నిజం. ఒక ఉదాహరణ చూద్దాం. ఎస్‌ఆర్‌జీబీ కోసం తయారైన కుంకుమ రంగుకు ఫైల్‌లో ఒక సంఖ్య ఉంటుంది. విశాలమైన గ్యామట్ ఉన్న మానిటర్ ఆ సంఖ్యను సరిగా అనువదించుకోకపోతే, తన త్రిభుజంలోని మరింత గాఢమైన ఎరుపును చూపిస్తుంది. డిజైనర్‌కు రంగు మరీ మండుతున్నట్టు అనిపించి, గాఢత తగ్గిస్తాడు. ఆ ఫైల్ ఖాతాదారు ఫోన్‌కు చేరాక రంగు వెలిసినట్టుంటుంది. తప్పు డిజైనర్ చూపుది కాదు, తెరది.

అందుకే డిజైన్ పని ఉన్నవారు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ఎస్‌ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపగలగాలి. రెండు, గ్యామట్ అంతకంటే పెద్దదైతే దాన్ని కుదించి చూపే 'ఎస్‌ఆర్‌జీబీ మోడ్' తప్పనిసరిగా ఉండాలి. కొన్ని మానిటర్లలో ఈ మోడ్ పెట్టగానే వెలుగును మార్చుకునే వీలు పోతుంది. కొనేముందే అది పరీక్షించుకోవడం మంచిది. హైదరాబాద్ వీఎఫ్ఎక్స్, యానిమేషన్ స్టూడియోల్లో అవకాశం కోసం సాధన చేస్తున్నవారికి డీసీఐ-పీ3 మీద కనీసం 90 శాతం విస్తీర్ణం ఉన్న తెర ఉపయోగం.

విస్తీర్ణం ఒక కొలత అయితే, కచ్చితత్వం మరొకటి. తెర చూపాల్సిన రంగుకూ, చూపిన రంగుకూ ఉన్న దూరాన్ని డెల్టా-ఇ అనే సంఖ్యతో చెబుతారు. అది సగటున 2 కంటే తక్కువ ఉంటే మామూలు చూపుకు తేడా పట్టుబడడం కష్టం. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలో కొలిచిన నివేదికను పెట్టెలోనే ఉంచుతాయి. పెట్టె మీద రంగురంగుల చిలక బొమ్మ కంటే ఆ కాగితం విలువైనది.

ఇక ముద్రణ సంగతి. తెర కాంతులను కలిపి రంగు చేస్తుంది. ప్రింటర్ సిరాలతో తెల్ల కాగితం నుంచి కాంతిని తీసేసి రంగు చేస్తుంది. తెర మీద మెరిసే చిలకపచ్చ, గాఢమైన నీలం చాలావరకు సిరాలకు అందవు. ఎంత ఖరీదైన మానిటరూ ఈ హద్దును చెరపలేదు. ప్రింట్ షాపు ఇచ్చే రంగుల ప్రొఫైల్‌ను సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుని ముందే సరిచూసుకోవడం, పెద్ద ఫ్లెక్సీకి ముందు చిన్న నమూనా తీయించుకోవడం వృథా ఖర్చును తగ్గిస్తాయి.

కదలిక ఎందుకు మసకబారుతుంది?

భిలాయి మీదుగా వెళ్లే రైలును ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే, కన్ను ఒక కిటికీని పట్టుకుని దానితోపాటు జరుగుతుంది. అందుకే ఆ కిటికీ స్పష్టంగా కనిపిస్తుంది. తెర మీద కదిలే బొమ్మ అలా జారదు. ఒకచోట నిలబడి, గెంతి, మళ్లీ నిలబడుతుంది. కన్ను మాత్రం నిలకడగా జరుగుతూనే ఉంటుంది. నిలబడిన బొమ్మ మీదుగా కన్ను జరిగినంత మేర అది రెటీనా మీద పులుముకుంటుంది. ఈ మసక మానిటర్ పాడైనందువల్ల వచ్చేది కాదు. ప్రతి ఫ్రేమునూ తర్వాతి ఫ్రేము వచ్చేదాకా పట్టుకుని ఉండడం వల్ల వచ్చేది.

తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపుతుందో చెప్పేదే రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది. 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లు, 240 హెర్ట్జ్ తెర 4.2 మిల్లీసెకన్లు. గేములో ఒక ఆటగాడు 1,920 పిక్సెళ్ల వెడల్పున్న తెరను రెండు సెకన్లలో దాటాడనుకుందాం. అంటే సెకనుకు 960 పిక్సెళ్లు. 60 హెర్ట్జ్ మీద అతని అంచు 16 పిక్సెళ్ల మేర మసకబారుతుంది. 144 మీద సుమారు 7 పిక్సెళ్లు, 240 మీద 4 పిక్సెళ్లు.

ఈ లెక్కలో దాగిన మరో సంగతి ఉంది. 60 నుంచి 144కు వెళ్తే ఒక్కో ఫ్రేము మీద దాదాపు 10 మిల్లీసెకన్లు ఆదా. 144 నుంచి 240కి వెళ్తే ఆదా 3 మిల్లీసెకన్ల లోపే. 240 నుంచి 360కి వెళ్తే ఒకటిన్నర కూడా లేదు. ధర పెరిగినంతగా లాభం పెరగదు. పోటీల్లో ఆడేవారికి ఆ చివరి మిల్లీసెకన్లు ముఖ్యం కావచ్చు. పనీ ఆటా రెండూ కావాలనుకునేవారు 144 నుంచి 180 హెర్ట్జ్ దగ్గర ఆగి, మిగిలిన డబ్బును రంగు మీద పెట్టడం తెలివైన బేరం.

పెట్టె మీద కనిపించే '1 మిల్లీసెకన్' వేరే సంగతి. ఒక పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి మరో ఛాయకు మారే సమయం అది. సాధారణంగా అన్నిటికంటే వేగంగా జరిగే మార్పునే ముద్రిస్తారు. దాన్ని సాధించడానికి పిక్సెల్‌కు అవసరానికి మించిన వోల్టేజీ ఇస్తారు. మరీ ఎక్కువైతే కదిలే వస్తువు వెనుక దయ్యం నీడలాంటి గీత కనిపిస్తుంది. ఈ ఓవర్‌డ్రైవ్ అమరికను మధ్యస్థంగా ఉంచుకోవడం ఉత్తమం.

గ్రాఫిక్స్ కార్డు ఫ్రేములు తయారుచేసే వేగమూ, తెర చూపే వేగమూ కలవకపోతే బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. కార్డు వేగాన్ని బట్టి తెర తన వేగాన్ని మార్చుకునే అడాప్టివ్ సింక్ ఈ లోపాన్ని తొలగిస్తుంది. బడ్జెట్ కంప్యూటర్లలో ఫ్రేముల సంఖ్య ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఈ సౌకర్యం వారికే ఎక్కువ అవసరం.

ప్యానెల్‌లో ఏముంది?

ఎల్‌సీడీ తెరకు ప్రాణం ద్రవ స్ఫటికాలు. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ రైనిట్జర్ ఈ వింత స్థితిని గుర్తించారు. ద్రవంలా ప్రవహిస్తూనే స్ఫటికంలా ఒక క్రమంలో నిలబడే అణువులివి. వోల్టేజీ ఇస్తే తిరుగుతాయి. వెనుక వెలిగే తెల్లని కాంతిని ఎంత వదలాలో నిర్ణయిస్తాయి. ఆ వెనుక వెలుగుకు నేడు వాడే తెల్ల ఎల్‌ఈడీ నీలం ఎల్‌ఈడీ వల్లే సాధ్యమైంది. దాని ఆవిష్కర్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం 1977లో పళ్లెం ఆకారపు అణువులు కూడా ద్రవ స్ఫటికాలుగా మారతాయని కనుగొంది. అంతవరకు పుల్లల్లాంటి పొడవాటి అణువులకే ఆ గుణం ఉందని భావించేవారు. ఆ తర్వాత ఇలాంటి పళ్లెం అణువులతో చేసిన పలుచని పొరలు, పక్క నుంచి చూస్తే రంగు మారిపోయే పాత ఎల్‌సీడీ తెరల లోపాన్ని తగ్గించడానికి ఉపయోగపడ్డాయి.

నేడు మార్కెట్లో దొరికే ప్యానెళ్లు ముఖ్యంగా నాలుగు రకాలు. టీఎన్ ప్యానెల్ వేగవంతం, చవక. కానీ తల కాస్త పైకో కిందికో జరిపితే రంగు మారుతుంది కాబట్టి డిజైన్‌కు పనికిరాదు. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది. తెలుపుకూ నలుపుకూ వెలుగు నిష్పత్తి 3,000కు 1 లేదా అంతకంటే ఎక్కువ. చీకటి దృశ్యాల గేములకు బాగుంటుంది కానీ, ముదురు ఛాయల మధ్య మార్పు నెమ్మది కావడంతో నల్లని మరక సాగినట్టు కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే ఛాయలూ కొంత మారతాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో అణువులు తెరకు సమాంతరంగా తిరుగుతాయి. అందువల్ల ఏ కోణం నుంచి చూసినా రంగు నిలకడగా ఉంటుంది. దాని బలహీనత నలుపు. నిష్పత్తి సాధారణంగా 1,000కు 1 దగ్గరే ఉండడంతో చీకటి గదిలో నలుపు బూడిదగా కనిపిస్తుంది.

నాలుగోది ఓఎల్‌ఈడీ. ఇందులో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది. ఆరితే పూర్తి నలుపు. మార్పు మిల్లీసెకన్ కంటే తక్కువలో జరుగుతుంది. కానీ ధర ఎక్కువ. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని టూల్‌బార్లు గంటల తరబడి ఒకేచోట వెలుగుతూ ఉంటే, ఆ పిక్సెళ్లు త్వరగా అరిగి శాశ్వతమైన ముద్ర పడే ప్రమాదం ఉంది. రోజుకు ఎనిమిది గంటలు ఒకే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచేవారు ఈ విషయం ఆలోచించుకోవాలి. పరిమిత బడ్జెట్‌లో పనికీ ఆటకీ ఉమ్మడిగా నప్పేది వేగవంతమైన ఐపీఎస్ ప్యానెల్.

తెలుగు ఒత్తులు అడిగే పరీక్ష

పిక్సెళ్ల సాంద్రత గురించి ఇంగ్లిష్ సమీక్షల్లో రాని సంగతి ఒకటుంది. సాధారణ అమరికలో 12 పాయింట్ల అక్షరానికి తెర మీద దక్కేది సుమారు 16 పిక్సెళ్ల ఎత్తు. ఇంగ్లిష్ అక్షరానికి అది చాలు. 'లక్ష్మి', 'శాస్త్రి' లాంటి పేర్లలో గుడి, అక్షరం, దాని కింద ఒత్తులు అన్నీ ఆ కొద్ది ఎత్తులోనే సర్దుకోవాలి. పిక్సెళ్లు పెద్దవైతే ఒత్తు చుక్కలా ముద్దవుతుంది. శుభలేఖలో ఒత్తు తప్పు అచ్చయ్యాక గాని కంటపడకపోవడానికి ఇదీ ఒక కారణం.

24 అంగుళాల తెర మీద 1,920 × 1,080 పిక్సెళ్లుంటే అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు. అదే సంఖ్యను 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోతుంది. తెర పెద్దదైనా అక్షరం గరుకవుతుంది. 27 అంగుళాల మీద 2,560 × 1,440 ఉంటే 109. అదే కొలత మీద 4కే ఉంటే 163. తెలుగు అక్షరాలతో పనిచేసేవారికి 4కే హాయిగా ఉంటుంది. కానీ 4కేలో 83 లక్షల పిక్సెళ్లుంటాయి. 1,440 తెరలో 37 లక్షలు, 1,080 తెరలో 21 లక్షలు. గేములో సెకనుకు ఎన్నో సార్లు ఈ పిక్సెళ్లన్నింటినీ గ్రాఫిక్స్ కార్డే గీయాలి. మధ్యస్థ కార్డు ఉన్నవారికి 27 అంగుళాలు, 1,440 పిక్సెళ్లు సమతూకం. కార్డు పాతదైతే 24 అంగుళాలు, 1,080 పిక్సెళ్ల దగ్గర ఆగడమే మేలు.

కేబుల్ సంగతీ మరవకూడదు. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేను సెకనుకు 30 ఫ్రేములకే పరిమితం చేస్తుంది. వేగవంతమైన తెరకు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడడం మంచిది. తెచ్చిన తర్వాత కంప్యూటర్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్‌ను మార్చాలి. లేకపోతే 165 హెర్ట్జ్ కోసం డబ్బు పెట్టి, 60 హెర్ట్జ్ మీదే నెలల తరబడి ఆడే అవకాశం ఉంది.

కొనేటప్పుడు, కొన్నాక

వెలుగును నిట్లలో కొలుస్తారు. గదిలో డిజైన్ పనికి 100 నుంచి 120 నిట్లు చాలు. పగటి వెలుగు పడే గదికి 300 నిట్లకు తగ్గని తెర ఉండాలి. 'హెచ్‌డీఆర్ 400' ముద్రను చూసి అదనంగా చెల్లించనక్కర్లేదు. 400 నిట్ల గరిష్ఠ వెలుగు ఉంటే ఆ ముద్ర దొరుకుతుంది. తెరలోని వేర్వేరు భాగాలను విడిగా మసకబార్చే ఏర్పాటు దానికి తప్పనిసరి కాదు. నిజమైన హెచ్‌డీఆర్ అనుభూతికి ఆ ఏర్పాటే కీలకం.

దుకాణానికి వెళ్లగలిగితే ఫోన్‌లో లేదా పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫైళ్లు తీసుకెళ్లండి: పూర్తి నలుపు, పూర్తి బూడిద, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే పట్టీ, చిన్న అక్షరాల తెలుగు పేజీ. నలుపు మీద మూలల్లో వెలుగు కారుతోందా, బూడిద మీద ఒక పక్క గులాబీ ఛాయ వస్తోందా, పట్టీలో మెట్లు కనిపిస్తున్నాయా, ఒత్తులు విడివిడిగా ఉన్నాయా చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువులోపే ఈ పరీక్షలు పూర్తిచేయాలి.

తర్వాత మానిటర్‌లో రెండు అమరికలు భద్రపరుచుకోండి. ఒకటి పనికి: ఎస్‌ఆర్‌జీబీ మోడ్, 6,500 కెల్విన్, తక్కువ వెలుగు. రెండోది ఆటకు: పూర్తి గ్యామట్, ఎక్కువ వెలుగు, అడాప్టివ్ సింక్. ఒక బటన్‌తో మారే ఈ ఏర్పాటు ఒకే తెరను రెండు తెరలుగా మారుస్తుంది. తెర వెనుక గోడ ముదురు రంగులో లేకుండా, కిటికీ వెలుగు తెర మీద నేరుగా పడకుండా చూసుకోవాలి. పసుపు బల్బు కింద ఏ రంగునూ ఖాయం చేయకూడదు. నెలనెలా డిజైన్ మీద ఆదాయం ఉన్నవారు రంగును కొలిచే కాలిబ్రేటర్‌ను ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు. వెనుక వెలుగు ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది కాబట్టి, కొన్ని నెలలకోసారి కొలవడం అవసరం.

చివరికి నిర్ణయం ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఈ తెర ముందు ఏ పొరపాటు మనకు ఎక్కువ నష్టం? ఆటలో ఒక ఫ్రేము ఆలస్యమైతే ఒక రౌండు పోతుంది, మళ్లీ ఆడొచ్చు. రంగు తప్పితే అచ్చు, కాగితం, ఖాతాదారు నమ్మకం పోతాయి. డిజైన్ తిండి పెడుతున్న ఇంట్లో ముందు రంగు కచ్చితత్వాన్ని చూసి, అందులో 144 హెర్ట్జ్ దొరికేదాన్ని ఎంచుకోవాలి. ఆటే వృత్తి కాబోతున్నవారు ఆ వరుసను తిరగేసుకోవచ్చు.